హాస్టల్ గది కూడా హక్కే

విశ్వవిద్యాలయంలో సీటుకు రాజ్యాంగం హామీ ఉంది. ఆ సీటు పొందిన విద్యార్థి రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఎవరి పక్కన కూర్చొని తినాలి, ఎవరితో గది పంచుకోవాలి అన్న ప్రశ్నలకు మాత్రం మన విద్యాసంస్థల వద్ద ‘మీరు మీరు సర్దుకోండి’ అన్న ఒక్క మాటే జవాబుగా ఉంది. రిజర్వేషన్ విద్యార్థిని తరగతి గది గుమ్మం వరకు తీసుకొస్తుంది. సాయంత్రం తరగతులు ముగిశాక మిగిలిన పదహారు, పదిహేడు గంటల జీవితాన్ని మనం ఏ చట్టానికీ, ఏ నియమానికీ అప్పగించలేదు. ఎవరూ పట్టించుకోని ఆ చోటును సహజంగానే కులం ఆక్రమించింది.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఉన్నత విద్య సంక్షోభం గురించి రాసేటప్పుడు ఖాళీ అధ్యాపక పోస్టులు, నిధుల కోత, ప్రైవేటీకరణ గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. వాటి ప్రాధాన్యాన్ని కాదనను. అయితే ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన విద్యార్థి చదువు నిలబడుతుందా, చెదిరిపోతుందా అన్నది చాలాసార్లు ఇల్లు వదిలిన తొలి వారాల్లోనే, హాస్టల్ గదిలో, మెస్ బల్ల దగ్గర తేలిపోతుంది. పదిహేనేళ్ళకు పైగా విశ్వవిద్యాలయాల్లో పాఠం చెబుతూ, అందులో మూడేళ్ళు వార్డెన్ బాధ్యత కూడా చూసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

మాది పూర్వపు మెదక్, నేటి సంగారెడ్డి జిల్లాలోని ఝరాసంగం మండలం. కేతకీ సంగమేశ్వరుని గుడి వల్ల ఆ పేరు బయటివారికి తెలుసు. పేరులోనే ఊట ఉంది, కలయిక ఉంది. కర్ణాటక సరిహద్దు కావడంతో తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ ఒకే వాక్యంలో కలిసి నడిచే మాట మాది. వానను నమ్ముకున్న చెలకల్లో జొన్న, కంది. నీళ్ళున్నచోట చెరుకు, అల్లం, ఆలుగడ్డ. జహీరాబాద్ శాసనసభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినది. అయినా ఊళ్ళలో వాడలు వాడలుగానే ఉన్నాయి. నిమ్జ్ పేరిట ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో వేల ఎకరాల సేకరణ మొదలైంది. అందులో ప్రభుత్వాలు ఒకప్పుడు దళితులకు పంచిన అసైన్డ్ భూములూ ఉన్నాయి. భూమి చేజారిన ఇంట్లో పిల్లల చదువే మిగిలిన ఆస్తి. ఆ చదువు హాస్టల్‌లో దెబ్బతింటే ఆ కుటుంబానికి మళ్ళీ మొదలుపెట్టడానికి ఏమీ ఉండదు.

జహీరాబాద్‌లో బస్సెక్కి 65వ నంబరు జాతీయ రహదారి మీద సదాశివపేట, సంగారెడ్డి దాటితే కంది వద్ద ఐఐటీ హైదరాబాద్ వస్తుంది. పటాన్‌చెరు, రామచంద్రాపురం మీదుగా లింగంపల్లి చేరితే గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం దగ్గరే. నగరంలో ఇంకొంత లోపలికి వెళ్తే ఉస్మానియా. దేశంలో పేరు మోసిన విద్యాసంస్థలు మా పిల్లలకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ఒకే దారిలో ఉన్నాయి. పొద్దున సద్ది కట్టుకొని బయలుదేరితే మధ్యాహ్నానికి చేరుకోవచ్చు. రోజూ వెళ్ళిరావడం మాత్రం సాధ్యం కాదు. నగరంలో సొంత ఇల్లో, దగ్గరి బంధువుల ఇల్లో ఉన్న విద్యార్థికి హాస్టల్ ఒక సౌకర్యం. ఝరాసంగం నుంచి వచ్చే కూలి కుటుంబం బిడ్డకు హాస్టల్ ఉంటేనే చదువు ఉంది. విధాన నిర్ణయాలు చేసేవారు ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే హాస్టల్‌ను బోధనకు సంబంధం లేని బస వ్యవహారంగా చూస్తున్నారు.

మా వాడల్లో హాస్టల్‌కు వెళ్ళే పిల్లలకు ట్రంకుపెట్టెతో పాటు ఒక హెచ్చరికనూ ఇచ్చి పంపుతారు. ‘బిడ్డా, ఎవలన్న అడిగితే ఊరు చెప్పు, కులం చెప్పకు.’ 1997లో డిగ్రీ కోసం మొదటిసారి ఇల్లు వదిలినప్పుడు మా నాయిన నాకూ ఇదే చెప్పాడు. అందులో భయం ఉంది, బతుకంతా పడిన పాట్లు నేర్పిన లోకజ్ఞానమూ ఉంది. అయితే నగరంలో కులం తెలుసుకోవాలనుకునేవారు కులమేదని అడగరు. ఇంటిపేరు అడుగుతారు. ఊళ్ళో ఇల్లు ఏ వైపు ఉందో అడుగుతారు. నాన్నగారు ఏం చేస్తారని అడుగుతారు. ఈ కాలంలో వీటన్నిటికన్నా సులువైన ప్రశ్న ఒకటి వచ్చింది. ‘ర్యాంకెంత?’ అన్న ఆ ప్రశ్నకు జవాబు వినగానే ఎదుటివారు లెక్క వేసేస్తారు. చూడటానికి చదువుకు సంబంధించిన ప్రశ్నే కనుక అడిగినవారిని తప్పుపట్టడానికీ వీలుండదు.

నా గదిలో చేరిన విద్యార్థి మొదటి రోజు ఇంటి నుంచి తెచ్చిన సకినాలు పెట్టాడు. రెండో రోజు నా సీటు ఏ కేటగిరీలో వచ్చిందో అడిగాడు. మూడో రోజు సాయంత్రం పరుపు చుట్టుకొని మరో గదికి వెళ్ళిపోయాడు. తిట్టలేదు, అవమానించలేదు. తనకు రాత్రి పొద్దుపోయేదాకా లైటు వేసుకొని చదివే అలవాటుందని, నాకు ఇబ్బంది కలగకూడదనే వెళ్తున్నానని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మంచం నెల రోజులు ఖాళీగా ఉంది. చివరకు మరో ఎస్సీ విద్యార్థి వచ్చి చేరాడు. రికార్డులో ఇది ‘గది మార్పు’ మాత్రమే. అందులో ఫిర్యాదు చేయదగినది ఏముందని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఒక్క వాక్యం కూడా లేదు. గదిలో ఒంటరిగా మిగిలిన ఆ నెల రోజుల్లో నేను నేర్చుకున్నది మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

తర్వాత వార్డెన్‌గా నా బల్ల మీదికి గది మార్పు దరఖాస్తులు వచ్చాయి. చదివే వేళలు కలవడం లేదు, ఆహారపు అలవాట్లు వేరు, దుమ్ము పడదు, మా ఊరి మిత్రుడు ఫలానా గదిలో ఉన్నాడు అన్నవి అందులోని కారణాలు. కులం అన్న పదం ఒక్క దరఖాస్తులోనూ లేదు. ప్రతి కారణమూ విడిగా చూస్తే సమంజసమే. వాటన్నిటినీ ఆమోదించుకుంటూ పోతే విద్యా సంవత్సరం సగానికి వచ్చేసరికి హాస్టల్ పటం ఊరి పటంలా తయారవుతుంది. గాలీ వెలుతురూ ఉన్న గదులు ఒకరివి, నడవా చివర గదులు మరొకరివి. ఎవరూ గీత గీయలేదు, అయినా గీత ఉంది. వాడ ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి చరిత్ర గ్రంథాలు తిరగేయనక్కరలేదు, ఒక హాస్టల్ గదుల రిజిస్టరును జూన్ నుంచి డిసెంబరు వరకు చదివితే చాలు.

ఇది ఒక్క హాస్టల్ కథ కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష ఆరోపణలపై కేంద్రం నియమించిన సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. వేధింపులు తట్టుకోలేక ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు గదులు మారుతూ చివరకు హాస్టళ్ళలో కొన్ని అంతస్తులకే పరిమితమయ్యారని ఆ నివేదిక ఎత్తిచూపింది. దేశంలో అత్యున్నత వైద్య విద్యాలయం అది. శరీర నిర్మాణ శాస్త్రం చదివి మనుషులందరి రక్తనాళాలూ ఒకటేనని తెలుసుకున్న వైద్య విద్యార్థులు సాయంత్రం గదులకు వెళ్ళేసరికి ఆ జ్ఞానాన్ని ప్రయోగశాలలోనే వదిలేశారు.

చదువుకున్న దళితుడికి గది దొరకకపోవడం ఈనాటి సమస్య కాదు. 1917లో కొలంబియాలో చదువు ముగించుకొని, లండన్ చదువును మధ్యలో ఆపి, బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో తలదాచుకోవడానికి చోటు దొరకలేదు. పారశీ పేరుతో ఒక పారశీ సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చిన గుంపు ఆయనను వెళ్ళగొట్టింది. ఒక హిందూ మిత్రుడినీ, ఒక క్రైస్తవ మిత్రుడినీ ఆశ్రయం అడిగితే ఇద్దరూ దారి చూపలేదు. రైలు వేళ అయ్యేదాకా ఆయన బరోడాలోని ఒక ఉద్యానవనంలో కూర్చున్నారు. ఈ అనుభవాన్ని ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు. ఆయనకు ఉద్యోగం ఇచ్చిన సంస్థానం ఆయన నివాసాన్ని తన బాధ్యతగా భావించలేదు. సీటు ఇచ్చి గదిని మరచిపోయే నేటి విశ్వవిద్యాలయం సరిగ్గా అదే వరుసలో ఉంది.

ఆ మరుసటి ఏడాది, 1918లో, హైదరాబాద్‌లో రాజా బహదూర్ వెంకట రామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ వెలిసింది. పల్లెల నుంచి నగరానికి చదువుకు వచ్చే పిల్లలకు బస కావాలని గుర్తించిన కులాలు ఒక్కొక్కటే తమ తమ హాస్టళ్ళు కట్టుకున్నాయి. సురవరం ప్రతాపరెడ్డి రెడ్డి హాస్టల్ నిర్వహణ బాధ్యతలు చూశారు. రావి నారాయణరెడ్డి అక్కడి విద్యార్థి. తెలంగాణ రాజకీయ, సాంస్కృతిక చైతన్యంలో ఆ హాస్టల్‌కు ఉన్న స్థానాన్ని ఎవరూ కాదనలేరు. గది, గ్రంథాలయం, తోటివారి సాంగత్యం దొరికితే పల్లె పిల్లవాడు ఏమవుతాడో ఆ చరిత్ర చెబుతుంది. భూమీ సంపదా ఉన్న కులాలకు దాతలు దొరికారు. అవి లేని కులాల కోసం అదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ పాఠశాలలు నడపడానికి చందాలు అడిగి తిరగవలసి వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు ఆ లోటును కొంత పూడ్చాయి. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారులు వాటిని దానధర్మంగా కాక ప్రభుత్వ బాధ్యతగా చూశారు. నీళ్ళ పప్పు, రేకుల కప్పు, కిటికీ లేని గది ఎంత నిజమో, ఆ గదుల నుంచే తెలుగునాట దళిత ఉద్యోగులు, కవులు, ఉద్యమకారులు వచ్చారన్నదీ అంతే నిజం. సంక్షేమ హాస్టళ్ళు కూడా వాడల వంటివే కదా అని కొందరు అంటారు. తేడా ఉంది. చదువుకోవడానికి చోటు లేనివారు ఒకచోట చేరడం వేరు, అందరికీ చెందిన చోటు నుంచి కొందరిని పక్కకు నెట్టడం వేరు. సంక్షేమ హాస్టల్‌లో మా పిల్లవాడు పేదరికాన్ని చూస్తాడు. విశ్వవిద్యాలయ హాస్టల్‌లో తొలిసారి తాను ఇతరులకు ఎలా కనిపిస్తున్నాడో చూస్తాడు.

రెండో గుమ్మం మెస్. 2018లో ఐఐటీ మద్రాసులోని ఒక మెస్సులో శాకాహారులకూ మాంసాహారులకూ వేర్వేరు ప్రవేశ ద్వారాలు, చేతులు కడుక్కునే చోట్లు సూచిస్తూ అంటించిన పోస్టర్లు వివాదమయ్యాయి. 2023లో ఐఐటీ బొంబాయి హాస్టల్ మెస్సులో కొన్ని బల్లలను శాకాహారులకే కేటాయించడాన్ని నిరసించిన విద్యార్థికి 10 వేల రూపాయల జరిమానా విధించారు. ఆహారం వ్యక్తిగత ఎంపిక అని సమర్థించేవారికి ఒక్కటే ప్రశ్న. ఎవరి కంచంలో ఏమి ఉండాలన్నది వ్యక్తిగతం అయితే, ఎవరి కంచం ఏ బల్ల మీద ఉండాలన్నది సంస్థ నిర్ణయం ఎలా అయింది? ఊళ్ళో హోటల్‌లో వేరు గ్లాసు పెట్టినవాడు కూడా తన గ్లాసుల గురించి ఇలాంటి సమర్థనే ఇచ్చాడు.

ఇక్కడ మా ప్రాంతానికి సంబంధించిన ఒక విడ్డూరాన్ని చెప్పాలి. జహీరాబాద్ పల్లెల్లో దళిత మహిళలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా ఏర్పడి జొన్న, కొర్ర, సామ విత్తనాలను దశాబ్దాలుగా కాపాడారు. ఆ కృషికి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నేడు నగరంలో జొన్నరొట్టె ఆరోగ్యం, హోదా. అదే రొట్టెను బట్టలో కట్టుకొని హాస్టల్‌కు తెచ్చుకున్న విద్యార్థి దాన్ని గది తలుపు వేసుకొని తింటాడు. పంట గౌరవం పొందింది, పండించినవారి బిడ్డకు ఆ గౌరవం ఇంకా చేరలేదు.

మాట కూడా అంతే. ఝరాసంగం మండలంలోని మాచ్‌నూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. దళిత మహిళలే తమ పల్లె మాటలో కార్యక్రమాలు తయారుచేసి ప్రసారం చేస్తారు. దేశ విదేశాల పరిశోధకులు వచ్చి ఆ మాటను వింటారు. ఆ మాటతో పెరిగిన పిల్ల హాస్టల్‌లో నోరు విప్పితే మాత్రం నవ్వులు వినిపిస్తాయి. కొద్ది వారాల్లో ఆమె మాటను కుదించుకుంటుంది, తర్వాత మౌనాన్ని అలవాటు చేసుకుంటుంది. అధ్యాపకులం ఆ మౌనాన్ని ‘సబ్జెక్టులో వెనకబడింది’ అని నమోదు చేస్తాం. తరగతిలో ప్రశ్న అడగని విద్యార్థి హాస్టల్‌లో ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పి అలసిపోయిందో మన హాజరు పట్టికలు చెప్పవు.

ఆడపిల్లల విషయంలో ఈ గుమ్మాలు ఇంకా ఎత్తు. మా ఊళ్ళలో ఆడపిల్లను హాస్టల్‌కు పంపడం అంటే ఆ ఇంట్లో పెళ్ళి మాట కొన్నేళ్ళు వాయిదా పడటం. తల్లి ఇంట్లో పోరాడి సంపాదించిన గడువు అది. హాస్టల్‌లో ఒక్క అవమానం జరిగినా, గది దొరకక ఇంటికి తిరిగొచ్చినా ఆ గడువు ముగిసిపోతుంది. అందుకే చాలామంది అమ్మాయిలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘అంతా మంచిగనే ఉంది’ అంటారు. ముంబైలో ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వీ 2019 మే నెలలో హాస్టల్ గదిలోనే ప్రాణం తీసుకుంది. సీనియర్ల కుల వేధింపులే కారణమని కుటుంబం ఫిర్యాదు చేసింది, కేసు కోర్టుకు చేరింది. వేధించేవారు, వేధింపుకు గురయ్యేవారు ఒకే కప్పు కింద ఉండేచోట పగటి వేళ పనిచేసే ఫిర్యాదుల కమిటీ ఏ మేరకు రక్షణ ఇస్తుందో ఆలోచించాలి.

మూడో గుమ్మం డబ్బు. 2024 చివరలో తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్ళ డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ వరకు విద్యార్థికి నెలకు 1500 రూపాయలుగా ఉన్నది 2100 రూపాయలు అయింది. పెంపును స్వాగతించాలి. అయినా లెక్క చూస్తే రోజుకు 70 రూపాయలు. మూడు పూటల తిండి అందులోనే. మెస్ బిల్లు స్కాలర్‌షిప్‌ను మించితే తేడా కూలి డబ్బుల నుంచి రావాలి. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే బాకీ విద్యార్థి పేరు మీద పడుతుంది. బాకీదారుల జాబితా నోటీసు బోర్డు మీదికి ఎక్కుతుంది. ప్రభుత్వం చెల్లించవలసిన బాకీకి విద్యార్థి పేరు అతికించడమే కాదు, ఎవరు ఏ పథకం కింద చదువుతున్నారో హాస్టల్ మొత్తానికి చాటడం కూడా అది. తండ్రి దాచమని చెప్పినదాన్ని కార్యాలయం అచ్చువేసి గోడకు అంటిస్తోంది.

ఈ గుమ్మాలన్నీ దాటి నిలదొక్కుకున్న విద్యార్థి ప్రశ్నించడం మొదలుపెడితే సంస్థ చేతిలో మరో ఆయుధం ఉంది. అది హాస్టల్ నుంచి బహిష్కరణ. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములతో సహా ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను 2015 డిసెంబరులో హాస్టల్ నుంచి బహిష్కరించారు. 2016 జనవరి మొదట్లో వారు పరుపులు, పుస్తకాలు, అంబేడ్కర్ చిత్రపటం మోసుకుంటూ బయటికి వచ్చి క్యాంపస్ దుకాణ సముదాయం దగ్గర ‘వెలివాడ’ వేసుకున్నారు. జనవరి 17న రోహిత్‌ను కోల్పోయాం. ఆ విషాదంపై ఎంతో రాశారు, వాదించారు. శిక్ష స్వరూపం గురించి మాత్రం తగినంత చర్చ జరగలేదు. వారిని తరగతి నుంచో, పరిశోధన నుంచో తొలగించలేదు కదా, హాస్టల్ నుంచి మాత్రమే కదా అన్న వాదన అప్పట్లో వినిపించింది. ‘మాత్రమే’ అన్న ఆ పదంలోనే అసలు సంగతి ఉంది. నగరంలో ఇల్లున్నవాడికి హాస్టల్ బహిష్కరణ అసౌకర్యం. ఇల్లు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి, స్కాలర్‌షిప్ మీద బతికేవాడికి అది విశ్వవిద్యాలయ బహిష్కరణే. ఒకే శిక్ష ఇద్దరి మీద ఒకే బరువుతో పడదు.

హాస్టల్ బహిష్కరణలకు మన చరిత్రలో మరో ఉదాహరణ కూడా ఉంది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా హాస్టళ్ళ నుంచి, విద్యాసంస్థల నుంచి విద్యార్థులను నిజాం ప్రభుత్వం బహిష్కరించింది. నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి చోటిచ్చింది. ఆ విధంగా నాగపూర్ చేరినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. సమాజం వారిని వీరులుగా గుర్తుపెట్టుకుంది, అది న్యాయమే. 2016లో వెలివాడ వేసుకున్నవారికి ఏ నాగపూరూ తలుపు తెరవలేదు. ఎవరిని హాస్టల్ నుంచి పంపితే సమాజం చోటిస్తుంది, ఎవరిని పంపితే క్రమశిక్షణ చర్యగా భావించి ఊరుకుంటుంది అన్నది కూడా కుల ప్రశ్నే.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు తెలియనివి కావు. స్నేహితులు కలిసి ఒక గదిలో ఉంటే తప్పేమిటి అంటారు. తప్పు లేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో, బడిలో వేరుగా, వీధిలో వేరుగా, పండుగలో వేరుగా పెరిగిన పిల్లలు స్నేహితులను ఎంచుకుంటే ఆ ఎంపిక ఎవరు చేసిన ఎంపిక అన్నదే ప్రశ్న. విశ్వవిద్యాలయం ఉన్నదే ఆ పరిధిని దాటించడానికి. మరికొందరు క్యాంపస్‌లో కులం లేదని, రిజర్వేషన్ వల్లనే కులం గుర్తుకు వస్తోందని అంటారు. ర్యాంకు అడిగి పరుపు చుట్టుకున్న విద్యార్థికి కులాన్ని రిజర్వేషన్ నేర్పలేదు. ఆ పాఠం అతను ఇంటి నుంచే తెచ్చుకున్నాడు, దాన్ని వాడుకునే వెసులుబాటును హాస్టల్ కల్పించింది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అస్పృశ్యత కారణంగా విద్యాసంస్థల్లోనే కాక హాస్టళ్ళలో ప్రవేశం నిరాకరించడాన్ని కూడా నేరంగా పేర్కొంది. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలు హాస్టళ్ళలో, మెస్సుల్లో విద్యార్థులను వేరుచేయడాన్ని వివక్షగా గుర్తించాయి. సమాన అవకాశాల విభాగాలు ఏర్పాటు చేయాలన్నాయి. అవి కాగితాల మీదే మిగిలాయని రాధిక వేముల, అబేదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. బిడ్డలను పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు గుర్తు చేస్తే తప్ప ఉన్న నిబంధనలు కదలని పరిస్థితి ఇది. పైగా చట్టం హాస్టల్ ద్వారం దగ్గర కాపలా ఉంటుంది గాని, గదుల పంపకం దాకా దాని చూపు వెళ్ళదు.

అక్కడికి వెళ్ళవలసింది విశ్వవిద్యాలయాలే. అందుకు కొత్త చట్టం, పెద్ద నిధులు అవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ప్రవేశం పొందిన రోజే గది ఇవ్వాలి. స్కాలర్‌షిప్ మంజూరు అయ్యేదాకా గది, మెస్ కార్డు ఆపకూడదు. ప్రభుత్వ బాకీని ప్రభుత్వం నుంచే వసూలు చేసుకోవాలి, బాకీదారుల జాబితాలను గోడల మీది నుంచి తీసేయాలి. రెండోది, మొదటి ఏడాది గదులను లాటరీ ద్వారా, వేర్వేరు ప్రాంతాల, నేపథ్యాల పిల్లలు కలిసేలా కేటాయించాలి. ఆరోగ్యం, వేధింపు వంటి కారణాలకు తప్ప ఆ ఏడాది గది మార్పు ఉండకూడదు. వేధింపు ఫిర్యాదు వస్తే గది మారవలసింది వేధించినవారే. మార్పుల వివరాలను ఏడాదికోసారి సమాన అవకాశాల విభాగం పరిశీలించి నివేదికను బహిరంగపరచాలి. మూడోది, మెస్సులో ఇష్టమైనది తినే స్వేచ్ఛ అందరికీ ఉండాలి, బల్లల విభజన ఎవరికీ ఉండకూడదు. నాలుగోది, హాస్టల్ బహిష్కరణను మామూలు క్రమశిక్షణ చర్యల జాబితా నుంచి తొలగించాలి. తప్పనిసరి అయినచోట దళిత, ఆదివాసీ అధ్యాపకులు, విద్యార్థి ప్రతినిధులు ఉన్న కమిటీ విచారించాలి. అప్పీలు తేలేదాకా విద్యార్థి గదిలోనే ఉండాలి. ఐదోది, వార్డెన్ బాధ్యతను అదనపు భత్యం వచ్చే పనిగా కాక బోధనలో భాగంగా చూడాలి. దళిత బహుజన మహిళా అధ్యాపకులకు అందులో తగిన చోటు ఇవ్వాలి.

లాటరీ వల్ల ఇబ్బందులు రావా అంటే వస్తాయి. మొదటి నెల గొడవలు ఉంటాయి, తల్లిదండ్రుల సిఫారసు ఫోన్లు వస్తాయి. వార్డెన్‌గా ఉన్నప్పుడు ఒక అంతస్తులో ఈ పద్ధతిని పాటించాం. గొడవలు వచ్చాయి, తగ్గాయి. ఏడాది చివర అక్కడి పిల్లల్లో కొందరు రెండో ఏడాదికి కూడా అదే గది కోరుకున్నారు. అందరూ మారిపోయారని చెప్పను. ఒకరి పక్కన ఒకరు ఏడాది పాటు చదువుకున్నవారు, జ్వరం వచ్చినప్పుడు ఒకరికొకరు గంజి తెచ్చుకున్నవారు, ర్యాంకు అడిగి మనిషిని కొలిచే అలవాటును కొంతైనా వదులుకుంటారని మాత్రం చూశాను.

ఈ ఏడాది ఝరాసంగం, న్యాల్‌కల్, కోహీర్, రాయికోడ్ పల్లెల నుంచి పెట్టె సర్దుకొని బయలుదేరే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పెద్దవాడిగా కొన్ని మాటలు. గది ఇవ్వడంలో జాప్యం జరిగితే రాతపూర్వకంగా అడగండి, ప్రతి మీద ముద్ర వేయించుకొని దగ్గర ఉంచుకోండి. మీ సంస్థలో సమాన అవకాశాల విభాగం ఎక్కడుందో మొదటి వారంలోనే తెలుసుకోండి. మీకన్నా ముందు వచ్చిన అన్నలు, అక్కలు నడిపే విద్యార్థి సంఘాలను కలవండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కష్టం ఉంటే ఉన్నదని చెప్పండి. ఒంటరిగా గదిలో కూర్చొని మీలో లోపం ఉందేమోనని వెతుక్కోకండి. మీ మాటను, మీ రొట్టెను దాచుకోవలసిన అవసరం లేదు.

విద్యార్థి సంఘాలకూ ఒక మాట. సీట్ల కోసం, ఫీజుల కోసం చేసే పోరాటాల్లో గదుల కేటాయింపు రిజిస్టరును కూడా చేర్చండి. దాన్ని చూపించమని ప్రతి విద్యా సంవత్సరం అడగండి. మా అధ్యాపకుల బాధ్యత అంతకన్నా ఎక్కువ. తరగతిలో సామాజిక న్యాయం మీద పాఠం చెప్పి, సాయంత్రం గది మార్పు దరఖాస్తు మీద కళ్ళు మూసుకొని సంతకం చేయడం ఇకనైనా ఆగాలి. ప్రవేశాలు మొదలయ్యే వచ్చే జూన్‌కు ముందే ఏ విశ్వవిద్యాలయం ఏ పద్ధతిలో గదులు ఇస్తుందో ప్రకటించాలని ఉన్నత విద్యా మండలి ఆదేశించవచ్చు. అది ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పని.